టెంప్లేట్ తర్వాత చూద్దాం, ముందు మీ కస్టమర్లు అడిగే ప్రశ్నలు రాయండి

మీరు ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే చిన్న సర్వీస్ నడుపుతున్నారు. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లు చెప్పగా విని వచ్చినవాళ్లే మీ కస్టమర్లు. ఇప్పుడు వెబ్‌సైట్ పెట్టాలనుకుంటే డిజైనర్ మూడు టెంప్లేట్లు, అంటే ముందే తయారైన డిజైన్ నమూనాలు, పంపి ఒకటి ఎంచుకోమన్నారు. మూడూ బాగానే ఉన్నాయి, వీటిలో దేనివల్ల ఫోన్లు ఎక్కువ వస్తాయని మీ ప్రశ్న.

చిన్న వ్యాపారాలకు చాలాకాలంగా సైట్లు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే ఏదీ ఎంచుకోకండి. టెంప్లేట్ ముందు తీసుకుంటే మనం దాని ఖాళీలు నింపే పనిలో పడిపోతాం. అక్కడ మూడు డబ్బాలు ఉన్నాయి కాబట్టి మూడు మంచి మాటలు వెతుకుతాం. ‘మా విజన్’ అని ఒక చోటు ఉంది కాబట్టి ఏదో ఒక విజన్ రాస్తాం. చివరికి సైట్ నిండుగానే కనిపిస్తుంది. కానీ రాత్రి పదింటికి ఫ్రిజ్ ఆగిపోయి, లోపలున్నవన్నీ పాడైపోతాయని కంగారుగా ఫోన్‌లో వెతుకుతున్న మనిషికి కావలసిన మాట అందులో దొరకదు.

కాబట్టి ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి. రెండు వారాలపాటు కొత్తగా ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి. వాట్సాప్‌లో పాత మెసేజ్‌లు తిరగేయండి. మీ దగ్గర ఫోన్ ఎత్తే మనిషి వేరే ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడగండి, ఈ విషయం మీకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది. మీ పనిలో ప్రశ్నలు దాదాపు ఇలా ఉంటాయి. మా ఏరియాకి వస్తారా? ఇవాళే వస్తారా, రేపా? మా కంపెనీ మెషీన్ చేస్తారా? వచ్చి చూసినందుకే డబ్బులు తీసుకుంటారా? ఇంట్లోనే బాగుచేస్తారా, మెషీన్ పట్టుకెళ్తారా? మార్చిన పార్టు మళ్లీ పోతే ఎవరిది బాధ్యత?

మీ సైట్‌లో ఉండాల్సిన సరుకంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది. ఎక్కువమంది అడిగినది పైకి వస్తుంది, అరుదుగా అడిగినది కిందికి పోతుంది. ఏ పేజీలు కావాలో కూడా వీటిని బట్టే తేలుతుంది. ఫ్రిజ్ గురించి అడిగేవాళ్ల ప్రశ్నలు, వాషింగ్ మెషీన్ గురించి అడిగేవాళ్ల ప్రశ్నలు వేరువేరుగా ఉంటే రెండు పేజీలు పెట్టండి. ఒకటే అయితే ఒక పేజీ చాలు. మీలాంటి సర్వీస్‌కి నాలుగైదు పేజీలు దాటాల్సిన అవసరం చాలా అరుదు. రాయడం రాదని టెన్షన్ పడకండి. ఫోన్‌లో కస్టమర్‌కి చెప్పినట్టే చెప్పి వాయిస్ రికార్డ్ చేసుకుని, తర్వాత దాన్ని కాగితం మీద పెట్టండి. కస్టమర్లు మీతో ఏ భాషలో మాట్లాడతారో సైట్ కూడా ఆ భాషలోనే మాట్లాడాలి.

ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని మాత్రం ఫోన్‌లో ఎవరూ పైకి అడగరు. ఇంటికి వచ్చే మనిషి ఎలాంటివాడు? మీ పని ఇంటి లోపల జరిగేది. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నా, ఆడవాళ్లు ఒక్కరే ఉన్నా ఈ సందేహం అన్నిటికంటే ముందు వస్తుంది. దీనికి సైట్‌లో జవాబు కనిపిస్తే చాలామంది అక్కడే ఆగుతారు. మీ టెక్నీషియన్ల ఫొటోలు, పేర్లు వాళ్ల అనుమతితో పెట్టండి. బయలుదేరే ముందు ఫోన్ చేస్తారా, ఐడీ కార్డు చూపిస్తారా, పని అయ్యాక బిల్లు ఇస్తారా అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ఫొటోలు మీవే అయి ఉండాలి. కొనుక్కున్న ఫొటోలో తెల్లటి హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న మోడల్‌ని జనం ఇప్పటికే పది సైట్లలో చూసి ఉంటారు. మంచి వెలుతురులో మామూలు ఫోన్‌తో తీసిన మీ వర్క్‌షాప్ ఫొటో వంద రెట్లు నమ్మకం కలిగిస్తుంది.

రాసిన ప్రతి వాక్యానికీ ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ పేరు తీసేసి పోటీదారు పేరు పెట్టి చదవండి. అప్పుడూ ఆ వాక్యం అలాగే సరిపోతే దాన్ని కొట్టేయండి. ‘నాణ్యమైన సేవలు, అనుభవజ్ఞులైన సిబ్బంది, కస్టమర్ సంతృప్తే మా ధ్యేయం’ ఈ పరీక్షలో నిలబడవు. ‘ఉదయం పదకొండులోపు ఫోన్ చేస్తే అదే రోజు వస్తాం. పార్టు తెప్పించాల్సి వస్తే ఎన్ని రోజులు పడుతుందో ముందే చెబుతాం’ అన్నది నిలబడుతుంది, ఎందుకంటే అది మీరు నిజంగా చేసే పని. చేయలేనిది మాత్రం రాయకండి. అదే రోజు వస్తామని రాసి రాకపోతే, అసలు సైట్ లేకపోవడమే నయం.

ధర గురించి మీలాంటివాళ్లు అందరూ తటపటాయిస్తారు. పోటీవాళ్లు చూస్తారని, కస్టమర్ భయపడతాడని దాచేస్తారు. పోటీవాళ్లకు మీ ధర ఎలాగూ తెలుసు, ఒక ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. కస్టమర్‌కి మాత్రం ఏమీ కనిపించకపోతే వెనక్కి వెళ్లి తర్వాతి సైట్ తెరుస్తాడు. ఖచ్చితమైన రేటు చెప్పలేని పని అయితే, బిల్లు ఎలా తయారవుతుందో చెప్పండి. చూసినందుకు ఎంత, పని కూలీ ఎలా లెక్కేస్తారు, పార్టు ధర విడిగా ఉంటుందా, రిపేరు వద్దనుకుంటే ఎంత కట్టాలి, ఎస్టిమేట్ చెప్పి ఒప్పుకున్నాకే పని మొదలుపెడతారా. ఇవి చదివి ఫోన్ చేసినవాళ్లు బేరం కోసం కాకుండా పని కోసం చేస్తారు. అలాగే మీరు చేయని పనులు కూడా రాయండి. మైక్రోవేవ్‌లు చేయమని ఒక లైన్ ఉంటే అటు వాళ్ల సమయం, ఇటు మీ సమయం మిగులుతాయి.

ఇక హోమ్ పేజీ. ఫోన్‌లో సైట్ తెరవగానే, వేలితో కిందికి జరపకముందే మూడు సంగతులు కనిపించాలి: మీరు ఏం చేస్తారు, ఏ ప్రాంతాలకు వస్తారు, మిమ్మల్ని ఎలా పిలవాలి. అంతే. దుకాణం మీద బోర్డు చూసి లోపలికి వెళ్లాలా వద్దా అని మనిషి ఎంతసేపు ఆలోచిస్తాడో ఇక్కడా అంతసేపే ఆలోచిస్తాడు. ఆ చోటులో జరిగే ఫొటోల స్లైడర్ పెడతామని డిజైనర్ అంటే ఒప్పుకోకండి. అమెరికాలో నోటర్ డేమ్ యూనివర్సిటీ సైట్‌లోని స్లైడర్‌ని ఎవరు నొక్కుతున్నారో 2013లో లెక్కలు బయటపెట్టారు. వచ్చినవాళ్లలో సుమారు 1 శాతమే నొక్కారు, వాళ్లలో కూడా ఎక్కువమంది మొదటి స్లైడ్‌నే. మీ నాలుగో స్లైడ్‌లో ఉన్న మంచి మాట ఎవరి కంటా పడదు. దాన్ని పేజీలో మామూలుగా రాయండి.

ఫోన్ నంబరు అక్షరాలుగా ఉండాలి, బొమ్మలో కలిపేయకూడదు. నొక్కగానే కాల్ వెళ్లేలా లింక్ ఇవ్వాలి. స్క్రీన్ అడుగున ఎప్పుడూ కనిపించేలా ‘కాల్ చేయండి’, ‘వాట్సాప్ చేయండి’ అని రెండు బటన్లు పెట్టిస్తే బొటనవేలికి అందుతాయి. అంతకంటే ఎక్కువ బటన్లు వద్దు. సైట్‌లోకి రాగానే మీదికి వచ్చి పడే పాప్-అప్‌లు అసలే వద్దు. మొబైల్‌లో విషయాన్ని కప్పేసే పాప్-అప్‌లున్న పేజీలను వెనక్కి నెట్టడం గూగుల్ 2017 జనవరిలోనే మొదలుపెట్టింది.

ఎంక్వైరీ ఫారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న సైట్లలో కస్టమర్లు చప్పుడు లేకుండా పోయేది ఇక్కడే. పేరు, ఫోన్ నంబరు, ఏరియా, సమస్య ఏమిటి. ఈ నాలుగు చాలు. ఈమెయిల్, పిన్‌కోడ్, మెషీన్ మోడల్ నంబరు, మా గురించి ఎలా తెలిసింది లాంటివన్నీ మీరు తర్వాత ఫోన్‌లో అడగవచ్చు. నంబరు గడి నొక్కితే అంకెల కీబోర్డ్ రావాలి. గడుల్లో అక్షరం సైజు 16 పిక్సెళ్లకంటే తక్కువ ఉంటే ఐఫోన్‌లో నొక్కగానే పేజీ జూమ్ అయి పక్కకు పోతుంది, అది చూసి కొందరు అక్కడే వదిలేస్తారు. బటన్ మీద ‘సబ్మిట్’ అని కాకుండా ‘నాకు ఫోన్ చేయండి’ అని రాయించండి. నొక్కాక ‘ధన్యవాదాలు’ ఒక్కటే సరిపోదు, ఎంతసేపట్లో ఫోన్ చేస్తారో అక్కడే చెప్పాలి.

ఆ ఫారంలో నింపినది ఎక్కడికి వెళ్తోందో కూడా చూసుకోండి. సైట్ కట్టేటప్పుడు పరీక్ష కోసం పెట్టిన డిజైనర్ ఈమెయిలే తర్వాత కూడా అలాగే ఉండిపోయిన సైట్లు చాలా కనిపిస్తాయి. మీ ఈమెయిలే ఉన్నా, హోస్టింగ్ సర్వర్ (మీ సైట్ ఉండే కంప్యూటర్) నుంచి నేరుగా వచ్చే మెయిళ్లకు, అవి నిజంగా మీ తరఫునే వచ్చాయని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు లేకపోతే అవి స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. డిజైనర్‌ని ఈ రెండు పేర్లతోనే అడగండి, వాళ్లకు అర్థమవుతుంది. నెలకోసారి మీరే ఫారం నింపి, మెయిల్ వచ్చిందో లేదో చూసుకోండి.

వేగం సంగతి. సైట్‌ని ఆఫీసులో పెద్ద స్క్రీన్ మీద, మంచి ఇంటర్నెట్‌లో చూసి మెచ్చుకోకండి. వైఫై ఆపేసి, కొంచెం పాత ఫోన్‌లో తెరవండి. పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం, అంటే పెద్ద ఫొటో గానీ పెద్ద అక్షరాల పేరా గానీ, 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టని గూగుల్ కొలమానం. నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. లోడ్ అవుతూ ఉండగా అక్షరాలు, బటన్లు ఎగిరిపడకూడదు. వీటిని పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. చిన్న సైట్లు నెమ్మదించడానికి మామూలుగా రెండే కారణాలు. కెమెరా నుంచి తీసినవి తీసినట్టే ఎక్కించిన బరువైన ఫొటోలు ఒకటి, టెంప్లేట్‌తో పాటు వచ్చిన అక్కర్లేని యానిమేషన్లు, ప్లగిన్లు (సైట్‌కి అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాములు) రెండోది. ఫొటోలను స్క్రీన్‌కి కావలసిన సైజుకి తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫార్మాట్‌లో పెట్టిస్తే సగం సమస్య తీరుతుంది. గూగుల్ ఇప్పుడు సైట్‌ని అంచనా వేసేది మొబైల్ రూపాన్ని చూసే. 2016లో ప్రకటించిన ఈ మార్పు 2023లో పూర్తయింది. కాబట్టి డిజైనర్ మీకు డిజైన్ చూపించేటప్పుడు ముందు ఫోన్ స్క్రీనే చూపించమనండి.

రంగులు మీ ఇష్టం. ఒక్క షరతు, అక్షరానికీ వెనక రంగుకీ తేడా స్పష్టంగా ఉండాలి. వెబ్ అందరికీ అందేలా ఉండటానికి రూపొందిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు ఆ తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు ఫ్యాషన్‌గా కనిపించవచ్చు, ఎండలో నిలబడి ఫోన్ చూసే మనిషికి, కళ్లజోడు మర్చిపోయిన పెద్దాయనకు మాత్రం కనిపించవు.

ఇప్పుడు మీ మూడు టెంప్లేట్ల దగ్గరికి వద్దాం. పైన చెప్పిన ప్రశ్నలూ జవాబులూ మీ చేతిలో ఉంటే ఎంపిక చాలా తేలిక. డిజైనర్‌కి ఆ రాతప్రతి ఇచ్చి, ‘ఈ మాటలు దేనిలో తక్కువ మార్పులతో ఇముడుతాయి’ అని అడగండి. నమూనా మాటలు, నమూనా ఫొటోలు తీసేశాక కూడా చూడ్డానికి బాగుండేది తీసుకోండి. టెంప్లేట్ అందంలో సగం అందులోని నమూనా ఫొటోలదే. మీ ఫొటోలు పెట్టగానే వెలవెలబోయేది మీకు పనికిరాదు.

డబ్బు చెల్లించేముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. ఇది డిజైన్‌కి సంబంధించింది కాదనిపిస్తుంది, కానీ నా దగ్గరికి వచ్చే సమస్యల్లో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. డొమైన్, అంటే మీ సైట్ అడ్రసు, ఎవరి పేరున ఉంది? అది మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో రిజిస్టర్ అవ్వాలి. డిజైనర్ మంచివారే కావచ్చు. రేపు వాళ్లు ఊరు మారినా, పని మానేసినా, రెన్యువల్ గుర్తు చేసే మెయిల్ వాళ్లకే వెళ్లి మీ సైట్ ఆగిపోతుంది. డాట్ కామ్ లాంటి డొమైన్లు గడువు దాటి రద్దయ్యాక కూడా వెనక్కి తీసుకోవడానికి 30 రోజుల రిడంప్షన్ గడువు ఉంటుంది. అయితే దానికి మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ అడుగుతారు, అదీ దాటితే ఎవరైనా కొనేసుకోవచ్చు. హోస్టింగ్, సైట్ అడ్మిన్ లాగిన్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మీ వ్యాపారం వివరాలు కనిపించే చోటు), అన్నిటికీ ఓనర్‌గా మీరు ఉండి, డిజైనర్‌కి విడిగా ఒక లాగిన్ ఇవ్వండి. వాళ్లకూ ఇదే సుఖం.

దేనితో కట్టించాలని కూడా అడిగారు. సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌తో కట్టిస్తే సైట్‌ని ఒక హోస్టింగ్ నుంచి మరో హోస్టింగ్‌కి మార్చుకోవచ్చు. కానీ దాన్నీ ప్లగిన్లనీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసేవాళ్లు ఉండాలి, బ్యాకప్ ఉండాలి. పట్టించుకోకుండా వదిలేసిన ప్లగిన్ల ద్వారానే ఎక్కువ సైట్లు హ్యాక్ అవుతాయి. విక్స్ లాంటి రెడీమేడ్ సైట్ సర్వీసుల్లో ఆ బాధ లేదు, అన్నీ వాళ్లే చూసుకుంటారు. అయితే అక్కడ కట్టిన సైట్‌ని ఉన్నదున్నట్టు బయటికి తీసుకెళ్లలేరు. అప్‌డేట్లు చూసే మనిషి మీకు లేకపోతే రెండోదే తీసుకోండి, కానీ రాసిన మాటలు, ఫొటోల అసలు ఫైళ్లు మీ దగ్గర విడిగా ఉంచుకోండి. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. సొంత డొమైన్ లేకుండా వాటినే నమ్ముకున్నవాళ్లు కార్డుల మీద, బోర్డుల మీద వేయించిన అడ్రసు పనికిరాకుండా పోయింది. ఫేస్‌బుక్ పేజీ ఒక్కటి చాలదా అని అడిగేవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను.

సైట్ అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి. లేకపోతే 2018 జూలై నుంచి క్రోమ్ ‘నాట్ సెక్యూర్’ అని చూపిస్తోంది. దానికి కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది, విడిగా పెద్ద డబ్బు అడిగితే ఎందుకో కనుక్కోండి.

గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అంటూ ఫోన్ చేసేవాళ్లు సైట్ పెట్టిన వారంలోనే మొదలవుతారు. అలా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సూచనల్లో రాసింది. కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో సెర్చ్ మాటలు రాసే చోటు) నింపుతామని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్‌ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మీలాంటి సర్వీస్‌కి పనికొచ్చేవి సాదా పనులు. బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా నింపండి. అక్కడి పేరు, నంబరు, పనివేళలు సైట్‌లో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పని బాగా చేయించుకున్న కస్టమర్‌ని రివ్యూ రాయమని అడగండి, డబ్బిచ్చి రాయించకండి. ప్రతి పేజీ టైటిల్‌లో ‘హోమ్’ అని కాకుండా మీరు చేసే పని, వచ్చే ప్రాంతం ఉండాలి. దగ్గరలోని సర్వీసుల కోసం వెతికినప్పుడు గూగుల్ చూసేది మూడు: అడిగినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, ఎంతమందికి తెలిసినవారు. దూరం మీ చేతిలో లేదు, మిగతా రెండింటికీ పైన చెప్పినవే మందు.

సైట్ తయారయ్యాక అందరికీ లింక్ పంపి ‘ఎలా ఉంది’ అని అడగకండి. అందరూ బాగుందనే అంటారు. మీ పనితో సంబంధం లేనివాళ్లను ఐదుగురిని ఎంచుకోండి. ఫోన్ చేతికిచ్చి ఒక పని చెప్పండి: ‘మీ వాషింగ్ మెషీన్‌లో నీళ్లు పోవడం లేదు, రేపు ఎవరైనా వస్తారో రారో కనుక్కోండి.’ తర్వాత నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఏది రెండుసార్లు చదివారు. యూజబిలిటీ నిపుణుడు యాకబ్ నీల్సన్ 2000లో వేసిన లెక్క ప్రకారం ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. వాళ్లు తడబడుతుంటే సాయం చేయాలనిపిస్తుంది, చేయకండి. అసలు కస్టమర్ పక్కన మీరు ఉండరు.

సైట్ మొదలయ్యాక ఎంతమంది చూశారన్న అంకె మీద మనసు పెట్టకండి. కొత్తగా ఫోన్ చేసినవాళ్లలో సైట్ చూసి చేసినవాళ్లెవరో అడిగి రాసుకోండి, మీకు కావలసిన లెక్క అదే. నెలకోసారి గూగుల్ ఉచిత టూల్ సెర్చ్ కన్సోల్ తెరిచి, జనం ఏ మాటలతో వెతికి మీ దాకా వచ్చారో చూడండి. మీరు జవాబు రాయని మాట అక్కడ కనిపిస్తే దాని కోసం పేజీలో ఒక పేరా రాయండి. జవాబు ఉండి కూడా ఫోన్లు రాకపోతే మరొకరి ఫోన్‌లో సైట్ తెరిచి ఆ కాల్ బటన్ నొక్కండి, మీ ఫోన్ మోగుతోందో లేదో చూడండి.